ఉక్కపోతలో అలసి ఇంటికి వచ్చాక ఎనిమిది నిమిషాల స్నానం ఎలా చేయాలి?

“స్నానం చేసి బయటికి వచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ చెమట. అలసట ఎక్కడిదక్కడే ఉంది. ఏం చేయమంటారు?”

మన విశాఖలో ఏప్రిల్ వచ్చిందంటే నన్ను అందరూ అడిగేది ఇదే. రాత్రి షిఫ్టు దిగి కూర్మన్నపాలెంలో ఇల్లు చేరేవారు అడిగారు. రుషికొండలో రోజంతా ఏసీ గదిలో కూర్చుని, సాయంత్రం ఒక్కసారిగా ఉక్కలోకి వచ్చి పడేవారు అడిగారు. పూర్ణా మార్కెట్లో పొద్దుటి నుంచి కొట్టులో నిలబడి, రాత్రి ఇంటికి వచ్చాక వంట మొదలుపెట్టే ఒక అక్క కూడా అడిగింది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా మొత్తం వరుసను ఒకచోట రాయడం మేలనిపించింది.

నేను పదేళ్లకు పైగా షిఫ్టుల్లో పనిచేశాను. అలసిన రోజు చేసే స్నానానికి మురికి వదలడం చిన్న పని. ఒంట్లోని వేడి దిగాలి. బిగుసుకున్న భుజాలు వదులు కావాలి. బయటి పనిని గుమ్మం అవతలే విడిచి మనసు ఇంట్లోకి రావాలి. ఇందుకు అరగంట అక్కరలేదు. ఎనిమిది నిమిషాలు, ఒకటిన్నర బకెట్ నీళ్లు, రోజూ మారని ఒక వరుస ఉంటే చాలు. హడావిడిగా నాలుగు చెంబులు పోసుకునే కాకిస్నానంతో ఈ పని జరగదు. షవర్ కింద ఇరవై నిమిషాలు నిలబడినా జరగదు.

లోపలికి వెళ్లే ముందే తేల్చుకోవలసినది

ఈ స్నానం అయ్యాక నిద్రపోతారా, లేక ఇంకా పని ఉందా? బకెట్ ముట్టుకోక ముందే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. నీళ్ల వేడి ఎంత ఉండాలో, చివరి చెంబులు ఎలా పోసుకోవాలో అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

నిద్రపోయేవారికి మొదటి నుంచి చివరి దాకా గోరువెచ్చని నీళ్లే. ఇంకా వంట, పిల్లల చదువు, రాత్రి డ్యూటీ ఉన్నవారు గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టి చన్నీళ్లతో ముగించాలి. నేను చూసిన పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి. రాత్రి పదిన్నరకు ఒళ్లు జలదరించేలా చన్నీళ్లు కుమ్మరించుకుని, ఆ తరువాత ఒంటిగంట దాకా పైకప్పు చూస్తూ పడుకునేవారు ఎంతోమంది ఉన్నారు.

నిద్రకు ముందు శరీరం లోపలి వేడి కొంత తగ్గాలి. గోరువెచ్చని నీళ్లు చర్మానికి, ముఖ్యంగా అరచేతులకు, అరికాళ్లకు రక్తాన్ని రప్పిస్తాయి. అక్కడి నుంచి వేడి బయటికి పోతుంది. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకుముందు వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి 2019లో ఒక ఫలితం ప్రకటించారు. పడుకునే ముందు గంట, రెండు గంటల వ్యవధిలో 40 నుంచి 42.5 డిగ్రీల నీటితో స్నానం చేస్తే నిద్ర త్వరగా పడుతుందని అందులో తేలింది. వేళ విషయంలో ఆ మాట పాటించండి. వేడి విషయంలో మాత్రం మన ఊరికి తగ్గట్టు ఒక మెట్టు దిగమంటాను. మే నెలలో విశాఖలో 42 డిగ్రీల నీళ్లు పోసుకుంటే బట్టలు వేసుకునే లోపే అవి తడిసిపోతాయి. 37, 39 మధ్య ఉంటే చాలు.

కావలసినవి

- రెండు బకెట్లు. ఒకటి నిండుగా గోరువెచ్చని నీళ్లు, రెండోదాంట్లో సగం మామూలు నీళ్లు.
- లీటరు పట్టే చెంబు లేదా మగ్గు. షవర్ ఉన్నా ఈ వరుసకు చెంబే మేలు, కారణం కింద చెబుతాను.
- పలుచని నూలు తువ్వాలు. మందపాటి టర్కీ తువ్వాళ్లు మన సముద్రపు గాలికి రెండు రోజులైనా పూర్తిగా ఆరవు. ఆరని తువ్వాలుకు వాసన పడుతుంది, ఆ వాసన ఒంటికి పడుతుంది. నూలు తువ్వాళ్లు రెండు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడండి.
- ఉతికి పూర్తిగా ఆరిన వదులైన నూలు బట్టలు. లోదుస్తులతో సహా ముందే తీసి పెట్టుకోవాలి.
- ఘాటు లేని సబ్బు, నాలుగు చుక్కల కొబ్బరినూనె.
- జారని రబ్బరు పట్టా. కాళ్లు నొప్పిగా ఉంటే ఒక ప్లాస్టిక్ స్టూలు.
- ఒక గ్లాసు నీళ్లు లేదా పలుచని మజ్జిగ. స్నానానికి ముందే తాగాలి. చెమటలో పోయిన నీరు లోపలికి రాకుండా పైన ఎంత పోసుకున్నా తల తిరుగుడు తగ్గదు.

ఫోను ఈ జాబితాలో లేదు. దాన్ని హాల్లోనే పెట్టి వెళ్లండి.

నీళ్లు సిద్ధం చేసుకోవడం

వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు అనే సామెతను ఇక్కడ ఉన్నదున్నట్టుగా అమలు చేయాలి. గీజరు నీళ్లు సుమారు 60 డిగ్రీలు, కుళాయి నీళ్లు 30 డిగ్రీలు అనుకుంటే, ఒక వంతు వేన్నీళ్లు, రెండు వంతుల చన్నీళ్లు కలిపితే 40 దగ్గరికి వస్తుంది. బకెట్ పట్టి, కలిపి, చెంబుతో ఎత్తి పోసుకునే లోపు ఇంకొంచెం దిగుతుంది. మీ గీజరు వేడి తక్కువైతే రెండోసారికి కొలత మీకే తెలిసిపోతుంది. ముందు చన్నీళ్లు పట్టి, తరువాత వేన్నీళ్లు కలపండి. పిల్లలున్న ఇంట్లో ఉత్త వేన్నీళ్లున్న బకెట్ ఒక్క నిమిషమైనా నేల మీద ఉండకూడదు.

వేడి చూసేందుకు వేళ్లు పనికిరావు, పని చేసిన చేతికి వేడి సరిగ్గా తెలియదు. మోచేయి ముంచండి. వెచ్చగా ఉందనిపించాలి కానీ చేయి వెనక్కి తీయాలనిపించకూడదు. బకెట్ మీద ఆవిరి కనిపిస్తే అది అలసిన ఒంటికి తగిన వేడి కాదు.

ఎండాకాలంలో గీజరుతో పనే లేదు. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు దాకా డాబా మీద నల్ల ట్యాంకులోని నీళ్లు తాకితే చురుక్కుమంటాయి. పైపు చల్లబడేదాకా నీళ్లు వదిలేస్తూ నిలబడేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పొద్దున్నే ఒక బకెట్ పట్టి బాత్‌రూమ్‌లో నీడపట్టున మూతపెట్టి ఉంచండి. సాయంత్రం ట్యాంకు నీళ్లు వేడిగా, ఆ బకెట్ నీళ్లు చల్లగా ఉంటాయి. రెండూ కలిపితే కరెంటు ఖర్చు లేకుండా గోరువెచ్చని నీళ్లు సిద్ధం. మూత మాత్రం మరవకండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవ ఉన్న మంచినీటిలోనే. ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడేసి బకెట్ తోమండి.

వాటర్ హీటర్ రాడ్ వాడేవారికి ఒక హెచ్చరిక. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్ బయటపెట్టాకే నీళ్లలో వేలు పెట్టాలి. “వేడెక్కిందో లేదో చూద్దాం” అని స్విచ్ ఉండగానే చేయి ముంచి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. గ్యాస్ గీజరు ఉంటే కిటికీ తెరిచే ఉంచాలి. మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి తెలియకుండానే పడిపోతాడు. ఉరుములు, మెరుపులతో వాన పడుతున్నప్పుడు స్నానం వాయిదా వేయండి. పిడుగుపాటు విద్యుత్తు నీళ్ల పైపుల గుండా ఇంట్లోకి రాగలదు.

వరుస

గడియారం అవసరం లేదు, చెంబులు లెక్కపెట్టండి. షవర్ కన్నా చెంబు మేలనడానికి ఇదే మొదటి కారణం. లెక్క మీద దృష్టి పెట్టిన మనసు ఆఫీసు మాటలను వదిలేస్తుంది. రెండో కారణం నీళ్లు. మామూలు షవర్ నిమిషానికి పది లీటర్ల దాకా వదులుతుంది. పది నిమిషాలంటే ఐదు బకెట్లు. ఈ వరుస మొత్తానికి పాతిక చెంబులు చాలు.

1. కాళ్లు: నాలుగు చెంబులు, ఒక నిమిషం. నేరుగా నెత్తి మీద పోసుకోకండి. వీధిలోంచి రాగానే కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మని పెద్దలు చెప్పిన పద్ధతితోనే మొదలుపెట్టండి. మోకాళ్ల నుంచి కిందికి రెండు చెంబులు ఒక కాలికి, రెండు ఇంకో కాలికి. మడమలు, వేళ్ల సందులు చేత్తో రుద్దండి. రోజంతా నిలబడినవారికి సగం ఊరట ఇక్కడే దొరుకుతుంది. ఆర్కే బీచ్ నుంచో భీమిలి నుంచో వచ్చి ఉంటే ఇసుకను గుమ్మం బయటే దులుపుకోండి. ఒంటి మీద ఉప్పు పూర్తిగా పోయాకే సబ్బు పట్టండి. ఉప్పునీటిలో సబ్బు నురగ కట్టదు, నురగ రావడం లేదని ఇంకా సబ్బు రుద్దుతారు.

2. ముంజేతులు, ముఖం: రెండు చెంబులు, అర నిమిషం. మోచేతుల నుంచి కిందికి గోరువెచ్చని నీళ్లు. ఆ తరువాత రెండో బకెట్‌లోని మామూలు నీళ్లను దోసిలితో తీసుకుని ముఖం మీద మూడుసార్లు చిలకరించుకోండి. కళ్లు మూసి, నుదురు, బుగ్గలు బాగా తడవనివ్వండి. ముఖానికి చన్నీళ్లు తగిలితే గుండె వేగం కాస్త నెమ్మదించడం మనిషికి పుట్టుకతో ఉన్న గుణం. ఇందుకు ఐసు ముక్కలు కలపనక్కరలేదు. వన్‌టౌన్, గాజువాక వైపు దుమ్ములో తిరిగి వచ్చినవారు ముక్కు కూడా మెల్లగా చీది శుభ్రం చేసుకోండి. గొంతులో గరగర తగ్గుతుంది.

3. భుజాలు, మెడ వెనుక, వీపు: ఎనిమిది చెంబులు, రెండు నిమిషాలు. ఈ స్నానానికి గుండెకాయ ఇదే, ఇక్కడ తొందరపడకండి. ఒక్కొక్క భుజం మీద రెండేసి చెంబులు, మెడ వెనుక నుంచి వీపు మీదికి నాలుగు. చెంబును ఒక్కసారిగా బోర్లించకుండా సన్నని ధారగా వంచండి. ధార పడుతున్నంతసేపూ నోటితో మెల్లగా ఊపిరి వదలండి. చెంబు ముంచేటప్పుడు పీల్చండి. రెండు చెంబుల మధ్య మెడకూ భుజానికీ మధ్య ఉన్న కండను ఎదుటి చేత్తో పట్టి, మూడు లెక్కపెట్టేదాకా నొక్కి వదలండి. బస్సులో కడ్డీ పట్టుకుని మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా నిలబడి వచ్చినవారికి, కంప్యూటర్ ముందు వంగి కూర్చున్నవారికి నొప్పి చేరేది అక్కడే. రోజంతా ఏసీలో ఉన్నవారి కండరాలు ఎక్కువ బిగుసుకుని ఉంటాయి. వారు ఈ ఎనిమిదింటికి నీళ్లు ఇంకొంచెం వెచ్చగా పెట్టుకోవచ్చు.

4. సబ్బు: ఒక నిమిషం, నీళ్లు ఆపి. చంకలు, గజ్జలు, మెడ, రొమ్ముల కింద మడతలు, పాదాలు. ఇవి చాలు. చేతులకు, కాళ్లకు, వీపుకు రోజూ సబ్బు అక్కరలేదు. రోజుకు రెండు, మూడుసార్లు స్నానం చేసే ఊరు మనది. ప్రతిసారీ ఒళ్లంతా సబ్బు రుద్దితే చర్మంలోని సహజమైన నూనె పోయి దురద మొదలవుతుంది. పీచుతో గట్టిగా తోమడం సెలవు రోజుకు ఉంచుకోండి. సబ్బు పడనివారు రెండు చెంచాల సున్నిపిండి లేదా శనగపిండి వాడుకోవచ్చు.

5. కడుక్కోవడం: ఎనిమిది చెంబులు, ఒకటిన్నర నిమిషం. పై నుంచి కిందికి. తీరానికి దగ్గరగా ఉండే అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు చాలాచోట్ల గరుకుగా, కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి. గరుకు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లని జిడ్డు పొరగా ఒంటికి పట్టుకుంటాయి. స్నానం చేసినా ఒళ్లు తేలికపడలేదని అనేవారిలో చాలామందికి కారణం ఆ పొరే. అందుకే రెండో బకెట్‌లో వీలైతే కార్పొరేషన్ కుళాయి నీళ్లు పట్టుకోండి. బోరు నీళ్లతో స్నానం చేసినా చివరి చెంబులు ఆ నీళ్లతో కానివ్వండి.

6. ముగింపు: మూడు చెంబులు, ఒక నిమిషం. మొదట తేల్చుకున్నది ఇక్కడ పనికివస్తుంది. నిద్రపోయేవారు రెండో బకెట్ నీళ్లలో కాస్త వేడి కలిపి గోరువెచ్చగానే ముగించండి. పని ఉన్నవారు మామూలు నీళ్లను ముందు కాళ్ల మీద, తరువాత చేతుల మీద, చివరికి మెడ వెనుక నుంచి వీపు మీద, ఒక్కొక్క చెంబు చొప్పున పోసుకోండి. మొదటి చెంబే ఛాతీ మీద పోసుకోవద్దు. ఊపిరి ఒక్కసారిగా బిగపట్టినట్లవుతుంది.

7. తుడుచుకోవడం: ఒక నిమిషం. రుద్దకండి, అద్దండి. రుద్దితే చర్మం మళ్లీ వేడెక్కుతుంది. చేతులు, కాళ్లు, వీపు మీద లీలగా తడి మిగిలినా పరవాలేదు, ఫ్యాను గాలికి ఆ తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు, చెవుల వెనుక మాత్రం పూర్తిగా పొడిబారాలి. తామర పట్టేది తడి మిగిలిన ఈ చోట్లలోనే.

8. ఫ్యాను కింద ఐదు నిమిషాలు. ఇది ఎనిమిది నిమిషాల లెక్కలోకి రాదు కానీ ఇది లేకపోతే మిగిలినదంతా వృథా. చర్మం పొడిగా ఉండేవారు మోకాళ్లకు, మడమలకు కొబ్బరినూనె చుక్క రాసుకుని, వదులు బట్టలు వేసుకుని కుర్చీలో కూర్చోండి. వంటగదిలోకి వెళ్లకండి, మెట్లు ఎక్కకండి, ఫోను తీయకండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి.

బయటికి రాగానే చెమట ఎందుకు పడుతోంది?

అందరూ అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి విడిగా రాస్తున్నాను.

చెమట ఆరినప్పుడే ఒంటి వేడి తగ్గుతుంది. విశాఖలో సముద్రం వల్ల గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంటి మీదే నిలుస్తుంది. ఇది వాతావరణం, దీన్ని మనం మార్చలేం. మన చేతిలో ఉన్నవి మూడు.

మొదటిది నీళ్ల వేడి. బాగా వేడినీళ్లు ఒంటికి వేడి ఎక్కిస్తాయి, ఆ వేడి దిగడానికి చెమట పడుతుంది. ఇది అందరికీ తెలుసు. బాగా చల్లని నీళ్లతోనూ అదే జరుగుతుందని చాలామందికి తెలియదు. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. బయటికి వచ్చిన కాసేపటికి నాళాలు తెరుచుకుంటాయి, చెమట మొదలవుతుంది. ఫ్రిజ్ నీళ్లు కలుపుకుని స్నానం చేసే యువకులకు నేను ముందు చెప్పే మాట ఇదే.

రెండోది మీరు వచ్చిన తీరు. బండి దిగి, మూడంతస్తులు ఎక్కి, వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళితే స్నానం అయ్యాక కూడా ఒళ్లు ఇంకా నడకలోనే ఉంటుంది. ఐదు నుంచి పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుని, నీళ్లు తాగి, ఒంటి మీద చెమట ఆగాక వెళ్లండి. మంచం మీద కాదు, కుర్చీలో. మంచం ఎక్కితే ఆ రోజు స్నానమే ఉండదు.

మూడోది బాత్‌రూమ్ గాలి. కిటికీ మూసి స్నానం చేస్తే చిన్న గది ఆవిరితో నిండిపోతుంది. అక్కడే తుడుచుకుని, అక్కడే బట్టలు వేసుకుంటే ఒంటి తడి ఆ బట్టల్లోనే బందీ అవుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి లేదా ఒళ్లు తుడుచుకోవడం గదిలో ఫ్యాను కింద కానివ్వండి.

వెంటనే పౌడరు చల్లుకునే అలవాటు ఉంటే మానండి. తడి చర్మం మీద అది ముద్దకట్టి మడతల్లో ఒరుసుకుంటుంది. చెమటపొక్కులు ఉన్నవారికి పౌడరు కన్నా చల్లని తడిగుడ్డ అద్దడం, వదులు నూలు బట్టలు ఎక్కువ మేలు చేస్తాయి.

తలస్నానం సంగతి

అలసిన రాత్రి తలస్నానం వద్దనే నా సలహా. జలుబు చేస్తుందని కాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. మన ఊరి తేమలో పొడుగాటి జుట్టు రెండు గంటలైనా ఆరదు. తడి జడతో పడుకుంటే మాడు దురద, దిండుకు వాసన మిగులుతాయి. జుట్టు పైకి ముడిచి కట్టి, మెడ వెనుక దాకా తడిస్తే చాలు. దుమ్ములో పనిచేసి వచ్చి తల కడగక తప్పకపోతే స్నానం గంట ముందుకు జరపండి, పాయలు పాయలుగా విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టండి. పొట్టి జుట్టు ఉన్నవారికి ఈ చిక్కు లేదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

కడుపు నిండా తిని వెంటనే స్నానానికి వెళ్లడం. కనీసం గంట ఆగండి. బాగా ఆకలిగా ఉంటే అరటిపండు తిని స్నానం చేసి, తరువాత భోజనానికి కూర్చోండి.

విడిచిన బట్టలనే మళ్లీ తొడుక్కోవడం. “ఇంట్లోనే కదా” అని చెమట బనియను తిరిగి వేసుకుంటే ఎనిమిది నిమిషాల శ్రమ పోయినట్టే. వానాకాలంలో పూర్తిగా ఆరని లోదుస్తులు వేసుకోవడమూ అంతే. ఇస్త్రీపెట్టెతో ఒకసారి రుద్దితే ఆ చెమ్మ పోతుంది.

తడి ఒంటితో ఏసీకి ఎదురుగా నిలబడటం. హాయిగానే ఉంటుంది కానీ అప్పుడే వదులైన భుజాలు మళ్లీ బిగుసుకుంటాయి. ముందు ఫ్యాను, తరువాతే ఏసీ.

సబ్బు నురగ కాళ్ల కింద ఉండగా ఒంటికాలి మీద నిలబడి పాదం తోముకోవడం. అలసిన మనిషికి నిలకడ తక్కువ. స్టూలు మీద కూర్చోండి లేదా గోడ పట్టుకోండి. ఇంట్లో పడి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దలను చూశాక ఈ మాట ప్రతిసారీ చెబుతున్నాను.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

స్నానం అయిన పదిహేను నిమిషాలకు ఈ నాలుగూ చూసుకోండి. పై పెదవి మీద, వీపు నడుమ చెమట మళ్లీ వచ్చిందా? వచ్చిందంటే నీళ్లు మరీ వేడిగానో మరీ చల్లగానో ఉన్నాయి లేదా ఫ్యాను కింద కూర్చోలేదు. కాళ్ల ముందు భాగం బిగుతుగా, దురదగా ఉందా? సబ్బు ఎక్కువైంది లేదా బోరు నీళ్ల పొర మిగిలింది. వేళ్ల కొనలు ముడతలు పడ్డాయా? నీళ్లలో ఎక్కువసేపు ఉన్నారు. భుజాలు రెండూ చెవుల వైపు ఎత్తి వదిలి చూడండి. అవి బరువుగా, మెల్లగా కిందికి జారితే మూడో అంకం బాగా చేశారన్నమాట.

నిద్ర కోసం చేసినవారికి గంట, గంటన్నర లోపు ఆవలింతలు రావాలి. రాకపోతే మరునాడు స్నానాన్ని అరగంట ముందుకో వెనక్కో జరిపి చూడండి. ఒక్కసారికే తీర్పు చెప్పకండి. ఒకే వరుసను నాలుగైదు రోజులు చేయండి. శరీరం ఆ వరుసను గుర్తుపడుతుంది, కాళ్ల మీద మొదటి చెంబు పడగానే వదులవడం మొదలుపెడుతుంది.

రాత్రి షిఫ్టువారికి ఇంకొక్క మాట. పొద్దున ఇంటికి వచ్చేసరికి ఎండ ఎక్కుతుంటుంది, అయినా మీకు అది రాత్రి. టిఫిన్ తేలికగా తిని, గంట ఆగి, గోరువెచ్చని నీళ్లతో నిద్ర వరుసే చేయండి. బాత్‌రూమ్‌లోకి వెళ్లే ముందే పడకగది తెరలు వేసి చీకటి చేసుకోండి. స్నానం చేసి వచ్చాక వెలుగులో తిరిగితే వచ్చిన నిద్ర పోతుంది.

నీళ్లు లేని రోజు, వేళ లేని రోజు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేక నీళ్లూ లేవు. పొద్దంతా విరిగిన కొమ్మలు ఈడ్చి, రాత్రికి ఒళ్లంతా మట్టి, చెమట. ఇంట్లో నలుగురం ఒక్క బకెట్‌తో సరిపెట్టుకున్నాం. తడిగుడ్డ స్నానం నేను అప్పుడే నేర్చుకున్నాను. రెండు లీటర్ల నీళ్లు, రెండు నూలు గుడ్డలు చాలు. మొదటి గుడ్డ తడిపి పిండి ముఖం, మెడ, చేతులు, ఛాతీ, వీపు తుడవాలి. రెండో గుడ్డతో చంకలు, గజ్జలు, చివరికి పాదాలు. గుడ్డ ఆగిన ప్రతిచోటా ఒక నిండు ఊపిరి వదలాలి. మిగిలిన నీళ్లు పాదాల మీద పోసుకోవాలి. ఆ రాత్రుల్లో మాకు నిద్ర పట్టిందంటే అందువల్లే.

పసిపిల్లల తల్లులకు ఎనిమిది నిమిషాలు కూడా దొరకవని నాకు తెలుసు. ఒకటో అంకం, మూడో అంకం, తుడుచుకోవడం మాత్రం చేయండి. నాలుగు నిమిషాలు పడుతుంది. ఇంట్లో ఉన్నవారెవరైనా ఆ నాలుగు నిమిషాలు బిడ్డను పట్టుకోండి. తలుపు తట్టకండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

రక్తపోటుకు మందులు వాడేవారు వేడినీళ్ల స్నానం తరువాత చటుక్కున లేవకూడదు. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. స్టూలు మీద కూర్చుని చేయండి, లోపలి గడియ పెట్టకండి. గుండె జబ్బు ఉన్నవారు ముగింపులో చన్నీళ్లు మానేయండి. మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు నీళ్ల వేడిని మోచేతితోనే చూడాలి, వీలైతే ఇంట్లో ఇంకొకరితో చూపించుకోవాలి. పాదాలు కాలినా వారికి తెలియదు. గర్భిణులకు గోరువెచ్చనికి మించిన వేడి వద్దు. మద్యం తాగినవారు ఆ రాత్రి స్నానం జోలికి వెళ్లవద్దు.

ఎండలో తిరిగి వచ్చిన మనిషి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ప్రవర్తిస్తుంటే అది అలసట కాదు, వడదెబ్బ. బాత్‌రూమ్‌లోకి ఒంటరిగా పంపకండి. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరండి, వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.

రోజూ సరిపడా నిద్రపోయి, ఈ వరుస పాటించినా రెండు, మూడు వారాల పాటు అలసట తగ్గకపోతే డాక్టరును కలవండి. రక్తహీనత, థైరాయిడ్, చక్కెర వ్యాధి మొదట్లో ఇలాగే కనిపిస్తాయి. మామూలు రక్తపరీక్షల్లోనే బయటపడతాయి.